పుస్తకాల అరుగు: జడ వేసే నాన్న ఏ పుస్తకంలో ఉన్నాడు?

నాన్న, కూతురు ఉన్న బొమ్మల పుస్తకాల గురించి ఏమన్నా అడగాలనుంటే రాయండని పోయిన సంచికలో అన్నాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ అమ్మలవే. నాన్నలు రాసినవి మూడంటే మూడు. అందులో ఒకటి ఎరువుల దుకాణం బిల్లు వెనక రాసింది. దాంతోనే మొదలుపెడతాను.

*"రైసుమిల్లుల హమాలి పని చేస్త. ఐదు దాక సదివిన. బిడ్డ ఒకటో తరగతి. రోజుకో బొమ్మల పుస్తకం ఇచ్చి, ఇంటికాడ సదివి ఇనిపియ్యమంటది టీచర్. నేను కూడబలుక్కుంట సదువుతుంటే నా బిడ్డ నవ్వుతది. ఇజ్జత్ పోతున్నది. వాళ్లమ్మనే సదవమన్న. తప్పా?"*
— ఒక తండ్రి, మిర్యాలగూడ

తమ్ముడూ, తప్పేం లేదు గాని, ఆ పుస్తకం మళ్లీ నీ చేతిలోకి తీసుకో.

మా నాయినకు సంతకం ఒక్కటే వచ్చు. పానగల్లు చెరువు కింద ఎకరంన్నర పొలం ఉండేది. అరవైలలో మా వాడకట్టులో ఒక సారు ఇంటికి చందమామ వచ్చేది. వాళ్లంతా చదివినంక, అట్ట ఊడిపోయినంక, మాకిచ్చేవాళ్లు. రాత్రి బువ్వ తిని, కందిలి దగ్గరికి జరుపుకొని నాయిన దాన్ని "చదివేటోడు". బేతాళ కథ బొమ్మ మీకందరికీ ఎరుకే. రాజు భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ చీకటి. నాయిన తన మొద్దు వేలు తీసుకపోయి రాజు మెడ మీద పెట్టేటోడు. "సూడు బిడ్డా, బస్తా ఎత్తినోడు మెడ గిట్ల పక్కకు వంచాలె. లేకుంటే నరం పడ్తది. ఈ రాజుకు బరువు మోసుడు ఎరుకే." ఆ శవం ఒకనాడు వడ్డీ కోసం ఇల్లు పట్టిన సావుకారి అయ్యేది, ఇంకోనాడు పెండ్లిల అలిగిన మా మేనమామ అయ్యేది. మూడో తరగతిలో నాకు చదవడం బాగా వచ్చింది. ఆ పుస్తకాలన్నీ మళ్లీ ముందలేసుకొని చూస్తే నాయిన చెప్పిన కథల్లో ఒక్కటి కూడా లేదు! మోసపోయినట్టు ఏడ్చిన. "ఇది బుక్కుల లేదు నాయినా" అంటే ఆయన బీడీ ఆర్పి, "అక్షరంల లేదేమో. బొమ్మల ఉంది, సూడు" అన్నడు.

నీ చేతికొచ్చే పుస్తకం కూడా అట్లాంటిదే. మంచి బొమ్మల పుస్తకంలో సగం కథ రాసి ఉండదు. పేజీకి రెండు వాక్యాలే ఉంటాయి, మిగతాదంతా బొమ్మే చెప్పాలె. అందుకని మొదటి రోజు అక్షరాల జోలికే పోకు. ఇద్దరూ ఒక్కో పేజీ తిప్పుకుంట మూలమూలలా చూడండి. మంచం కింద పిల్లి ఉందా, కిటికీ అవతల వాన పడుతుందా, అవ్వ చెప్పులు గుమ్మం ముందల ఉన్నయా లేవా. "ఇదేం రంగు? ఇవెన్ని?" అని పరీక్ష మాత్రం పెట్టకు, దానికి బడి ఉంది. రెండో రోజు అక్షరాలు ఆమె చదువుతది, బొమ్మ నువ్వు చదువు. నవ్వితే నవ్వనియ్యి. పెద్దోళ్లు కూడా తడబడుకుంటనే నేర్చుకుంటరని ఆ పిల్లకు ఇంకెవరు చూపిస్తరు? బొమ్మలో బస్తా కనిపిస్తే కొక్కెం ఎక్కడ గుచ్చాలో చెప్పు. ఆ సంగతి టీచరమ్మకు కూడా తెల్వదు.

ఫోన్ ఉంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటు చూడు. 2015లో పెట్టిండ్రు. తెలుగు బొమ్మల పుస్తకాలు పైసా లేకుండా చదువుకోవచ్చు. మొదటి స్థాయివి ఎంచుకో, పేజీకి ఒకటి రెండు ముక్కలే ఉంటయి.

*"మా పాప ఐదో పుట్టినరోజుకు నాన్న–కూతురు పుస్తకం కొందామని చూశాను. ఎక్కువ ఇంగ్లీషువే. ఏది తెరిచినా నాన్న రాజు, కూతురు రాకుమారి, నువ్వే నా లోకం, నువ్వే నా ప్రాణం. బొమ్మలు బాగున్నాయి గాని ఎందుకో కొనబుద్ధి కాలేదు. నాదే వంకర బుద్ధా?"*
— ఒక అమ్మ, నల్లగొండ

కాదమ్మా. నేనైనా కొనను. ఆ పుస్తకాల్లో ప్రేమ ఉందని చెప్తారు, ఇద్దరూ కలిసి చేసే పని ఒక్కటి ఉండదు. ఐదేళ్ల పిల్లకు "ప్రాణం" అంటే ఏం అందుతుంది? సైకిలు వెనక పట్టుకొని ఉరికిన నాన్న అందుతాడు. నేను పుస్తకం తెరవగానే చూసేది ఒకటే: నాన్న చేతులు ఏం చేస్తున్నాయి?

ఎరిక్ కార్ల్ 1986లో చేసిన "పాపా, ప్లీజ్ గెట్ ద మూన్ ఫర్ మీ" ఉంది. మోనికా అనే పిల్ల చందమామ కావాలంటుంది. మనమైతే గిన్నెలో నీళ్లు పోసి చూపించి బువ్వ తినిపిస్తాం. ఆ నాన్న పొడుగాటి నిచ్చెన మోసుకుపోయి కొండ మీద నిలబెట్టి ఎక్కుతాడు. నిచ్చెన పేజీలో పట్టదు, కాబట్టి పేజీయే మడతలు విప్పుకుంటూ పోతుంది. చందమామ మరీ పెద్దగా ఉండి మొయ్యరాకపోతే, తరిగేదాకా ఆగి, చిన్నగయినంక పట్టుకొస్తాడు. పిల్ల ఆడుకుంటుంటే అది ఇంకా తరిగి మాయమైపోతుంది. మళ్లీ సన్నగా ఆకాశంలో. అమావాస్య, పున్నమి అంతా అందులోనే అయిపోయింది, పాఠం చెప్పినట్టే లేదు.

జడ సంగతి కూడా చెప్పాలె. మాథ్యూ చెర్రీ రాసిన "హెయిర్ లవ్" 2019లో వచ్చింది. ఒక నల్లజాతి అమెరికన్ తండ్రి కూతురి ఒత్తు జుట్టుతో పడే అవస్థ. దీని చిన్న సినిమాకు 2020లో ఆస్కార్ కూడా వచ్చింది. చదువుతున్నంతసేపు నాకు మా అల్లుడే యాదికొచ్చాడు. మా బిడ్డకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు పడ్డప్పుడు మనవరాలికి రెండు జడలు ఆయనే వేసేటోడు. మొదటివారం మోకు పేనినట్టు బిగించి వేసిండు. పిల్ల కనుబొమ్మలు నెత్తికెక్కినయి! రిబ్బను మడత పెట్టడం మాత్రం ఇప్పటికీ రాదు, రబ్బరుబ్యాండు మీద ముడేస్తాడు. అయినా అమ్మ ఇంట్లో ఉన్నరోజు కూడా ఆ పిల్ల దువ్వెన పట్టుకొని నాన్న దగ్గరికే పోతుంది.

నాన్న మంచోడుగానే ఉండాలనేం లేదు. ఆంథొనీ బ్రౌన్ 1983లో "గొరిల్లా" అని ఒక పుస్తకం చేశాడు. హన్నాకు గొరిల్లాలంటే పిచ్చి, నాన్నకు తీరిక లేదు. పొద్దున టిఫిన్ల దగ్గర ఒక బొమ్మ ఉంటుంది. వంటగదంతా చల్లటి నీలం, నాన్న పేపరు వెనకాల, పిల్ల ఇవతల. చాలా ఇండ్లల్లో పేపరు ఉన్న చోట ఇప్పుడు ఫోన్ ఉంది, అంతే తేడా. రాత్రి పిల్ల ఆటబొమ్మ గొరిల్లా పెద్దగయి, నాన్న కోటు టోపీ తొడుక్కొని, పిల్లను జూకు తీసుకపోతుంది. తెల్లారి నాన్న, జూకు పోదామా అంటాడు. అప్పుడు ఆయన వెనక జేబు చూడండి, అరటిపండు ఉంటుంది. దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. మా మనవరాలు కనిపెట్టేదాకా నేనూ చూడలేదు.

ఇవన్నీ ఇంగ్లీషువే కదా అంటావు. కథ నువ్వు తెలుగులో చెప్పు, పేజీ తిప్పేది మీ ఆయన. తెలుగువి కావాలంటే "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లవి, చెన్నై తులిక వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్టు వాళ్లవి తెప్పించుకోవచ్చు. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు పోతే అన్నీ ఒక్కచోటనే తిరగేయొచ్చు. పాపను తోలుకపో, ఆమెనే ఏరుకోనియ్యి.

*"మా కాలంలో తండ్రీ బిడ్డలకు పుస్తకాలెవరు రాసిండ్రు? మేం ప్రేమగ లేమా?"*
— ఒక తాత, దేవరకొండ

ఉన్నరన్నా. మా నాయినకు నా మీద ఎంత ప్రేమ ఉండెనో ఆయన పోయిన మూడోరోజు మా చిన్నాయిన చెప్తే తెలిసింది. మీ బిడ్డకు మీరే చెప్పుకునే వీలు ఇంకా ఉంది. పుస్తకం ఒక వంక, అంతే.

*"మా ఆయన పుణెలో బిల్డింగుల పని. పండగలకే వస్తడు. వీడియో కాల్‌లో బిడ్డ 'తిన్నవా' అంటది, ఆయన 'తిన్న, నువ్వు తిన్నవా' అంటడు. తర్వాత ఇద్దరు ఊకుంటరు. వీళ్లకు ఏ పుస్తకం ఇయ్యాలె?"*
— ఒక అమ్మ, మక్తల్ దిక్కు నుంచి

పాలమూరు బతుకుల్లో ఈ "తిన్నవా" ఎన్ని ఫోన్లలో తిరుగుతుందో, చెల్లె. అది తప్పు మాట కాదు గాని, దాని తర్వాత ఇంకో మాట దొరకాలె. ఒకే పుస్తకం రెండు కాపీలు కొను, ఒకటి ఆయన బ్యాగులో పెట్టు. లేదా ఇద్దరి ఫోన్లలో ఒకే కథ తెరవండి. రోజుకు రెండు పేజీలు, ఎక్కువ వద్దు. మిగతాది రేపు అంటే, రేపటి ఫోన్‌కు బిడ్డే ఎదురుచూస్తది.

దూరంగా ఉన్న తండ్రి అంటే నాకు నెహ్రూ ఉత్తరాలు యాదికొస్తయి. 1928 ఎండాకాలం, పదేండ్ల ఇందిర ముస్సోరీలో, ఆయన అలహాబాద్‌లో. 30 ఉత్తరాలు, ఆ మరుసటేడు పుస్తకంగా వచ్చినయి. బొమ్మల పుస్తకం కాదు, నీ బిడ్డ వయసుకు ఎక్కువ. అయితే మొదట్లోనే ఒక గులకరాయి గురించి చెప్తాడు. కొండ మీది రాతిముక్క వాగులో దొర్లి దొర్లి ఎట్లా నున్నగయిందో. మీ ఆయన రోజంతా కంకర నడుమనే ఉంటడు కద. ఒక కంకరరాయి ఫోన్ ముందల పెట్టి, దీనికి అంచులెందుకున్నయి, వాగులో రాయికి ఎందుకు లేవు అని అడగమను. ఆయన తినే మెస్సు, ఎక్కే పరంజి, పండుకునే రేకుల షెడ్డు, అన్నీ ఫొటోలు తీసి పంపమను. షెడ్డు దాయొద్దు. బిడ్డకు నాన్న ఎక్కడ పండుకుంటడో తెలవాలె. ఆ ఫొటోలు జిరాక్స్ తీయించి అంటించితే అదే ఆమె పుస్తకం.

*"జూన్‌లో ఫాదర్స్ డేకి తరగతిలో నాన్న కథ చదివించి, పిల్లలతో కార్డులు చేయించమన్నారు. మా క్లాసులో ఇద్దరు ఆడపిల్లలకు నాన్న లేడు. చదవాలా మానాలా?"*
— ఒక టీచరు, జడ్చర్ల

కథ చదువు, కార్డులు మానెయ్. కథలో నాన్న కథలో నాన్నే, వింటారు. కార్డు దగ్గర "నీదేది?" అని పక్కపిల్ల అడుగుతుంది.

నేను చేసిన తప్పు చెప్తా. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, నాన్న బొమ్మ గీయండని అందరికీ కాగితాలిచ్చిన. ఒక పిల్ల సైకిలు గీసింది. హ్యాండిలుకు టిఫిన్ డబ్బా, వెనక క్యారేజీ, ముందల కడ్డీ మీద చిన్న సీటు, అన్నీ ఉన్నాయి. మనిషి లేడు. "మీ నాయినేడి?" అన్నాను, నలుగురిలో, గట్టిగా. "సైకిల్ ఉంది గద టీచర్" అంది. పక్కనున్న పిల్లే చెప్పింది, ఆ ఎండాకాలంలోనే పోయాడని. ఆ చిన్న సీటు ఎవరిదో నేను చూడలేదు. బొమ్మలు చదవడం మా నాయిన నేర్పిన చదువు, ఆ రోజు నాకు అక్కరకు రాలేదు.

*"నాకు తొమ్మిదేండ్లు. బతుకమ్మకు మా నాయిన గుట్టకు పొయ్యి తంగేడు, గునుగు తెస్తడు. పేర్చేటప్పుడు మాత్రం ఆడోళ్లే. ఆయన దూరం కూసుంటడు. అందుకే నాయిన మీద బొమ్మల పుస్తకం చేస్తున్న. నాయిన మొఖం గీస్తే మా నాయిన లెక్క వస్తలేదు. ఎట్ల?"*
— ఒక పాప, కొల్లాపూర్

బిడ్డా, మొఖం గీయకు. వెనక నుంచి గియ్యి. నెత్తి మీద ఇంత పెద్ద తంగేడు మోపు, కింద రెండు కాళ్లు, చెప్పులు. మోపు పచ్చగా పేజీ అంతా నిండాలె. పెద్ద పెద్ద బొమ్మల కళాకారులు కూడా ఇట్లనే చేస్తరు, మొఖం రాక కాదు, చదివేటోళ్లు వాళ్ల నాయిన మొఖం పెట్టుకుంటరని.

నాలుగు తెల్ల కాగితాలు తీసుకొని నడుమకు మడువు, పదహారు పేజీలయితయి. మడత మీద మూడు రంధ్రాలు పొడిచి దబ్బనంతో కుట్టించుకో, నాయిననే కుట్టమను. పొద్దుగాల చీకట్లనే లేచుడు ఒక పేజీ. ఆయన గుట్ట ఎక్కుడు ఒకటి. ముల్లు గుచ్చుకున్నదా ఎప్పుడన్నా? అది ఒకటి. గునుగుకు రంగులద్దుడు నువ్వే చేస్తవు కద, రెండు పేజీలు దానికే ఇయ్యి, వేళ్లకంటిన రంగు కూడా గియ్యి. సిబ్బి మీద పేర్చే పేజీలో ఆయన ఎంత దూరం కూసున్నడో అంత దూరంలనే గియ్యి, దగ్గరికి తేకు. అయితే ఒక్క పువ్వు ఆయన చేతిలో ఉండిపోయిందా, అంగీ మీద రేకు అంటుకున్నదా, పొయ్యి సూడు. ఉంటే గియ్యి.

అయినంక నాకొక జిరాక్స్ పంపు. పుస్తకం మాత్రం నీ దగ్గరనే ఉంచుకో.