ఫోటోలా గీస్తే రియలిజం అయిపోతుందా?

ఉన్నది ఉన్నట్టు చూపడమే రియలిజం అయితే, కెమెరా వచ్చాక దాంతో ఇంకేం పని అని ఒకరు అడిగారు. నేను చెన్నైలో ఉంటాను. ఆ మధ్య మా అక్క కొడుకు వస్తే ఎగ్మోర్ మ్యూజియంకి తీసుకెళ్లాను. రవివర్మ బొమ్మల ముందు వాడు కదల్లేదు. పట్టుచీర మడత, నగల మెరుపు, ఒంటి నునుపు... నూనెరంగుల మీద ఆయన పట్టు అలాంటిది మరి.

సాయంత్రం మెరీనాలో శ్రామికుల విగ్రహం చూపించాను. ఇక్కడివాళ్లు ఉళైప్పాళర్ సిలై అంటారు. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసింది, 1959లో పెట్టారు. నలుగురు మనుషులు పెద్ద బండను కదిలిస్తుంటారు. "నిజం మనుషులకి ఇన్ని కండలుంటాయా పిన్నీ?" అన్నాడు వాడు.

ఉండవు. అయినా నా దృష్టిలో రియలిజానికి దగ్గరగా ఉన్నది ఇదే. రవివర్మకి పేరు తెచ్చినవి దమయంతి, శకుంతల లాంటి పురాణ పాత్రలు, రాజకుటుంబాల చిత్రాలు. చెయ్యి రియలిస్టుదే, ఎంచుకున్న మనుషులే వేరు.

ఫ్రాన్స్‌లో కూర్బే అనే చిత్రకారుడి మీద గొడవ కూడా పోలిక కుదరలేదని కాదు. తన ఊరు ఓర్నాన్‌లో ఒక మామూలు అంత్యక్రియని దాదాపు ఆరున్నర మీటర్ల వెడల్పున, మనుషులంత మనుషులతో గీశాడు. అంత కాన్వాస్ అప్పటిదాకా రాజులకీ యుద్ధాలకీ దేవుళ్లకీ దక్కేది. ఊరివాళ్లకి అంత చోటా అని కోపాలొచ్చాయి. 1855లో పారిస్ పెద్ద ప్రదర్శనవాళ్లు కొన్ని బొమ్మలు వద్దంటే, పక్కనే సొంత పందిరి వేసి 'రియలిజం' అని బోర్డు పెట్టాడు. (మొండివాడు!) అంతకు రెండున్నర శతాబ్దాల ముందే ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో, మేరీమాత ముందు మోకరిల్లిన యాత్రికుడి మట్టికాళ్లు చూసేవాళ్ల మొహమ్మీదికే వచ్చేట్టు గీశాడు.

సాహిత్యంలోనూ అంతే. గురజాడ కన్యాశుల్కం 1892లో రంగస్థలమెక్కింది, 1897లో అచ్చయింది. అందులో ఎవరి మాట వాళ్లదే. గ్రాంథికం వాళ్ల నోళ్లలో పెట్టి ఉంటే కథ మిగిలేదేమో గానీ గిరీశం మిగిలేవాడు కాదు.

ఇక కెమెరా సంగతి. ఎవరివైపు తిప్పాలో అది చెప్పదుగా, పట్టుకున్నవాడే తేల్చుకోవాలి.

చదవాలనుంటే కొడవటిగంటి కుటుంబరావు నవల 'చదువు'తో మొదలుపెట్టండి. ఈ ఊళ్లోనే చందమామ ఆఫీసులో ఏళ్ల తరబడి రాక్షసుల కథలూ మాంత్రికుల కథలూ దిద్దిన మనిషి, సొంత కథలకి మాత్రం మధ్యతరగతి ఇళ్లే ఎంచుకున్నాడు. వేగంగా నడిచే కథ కావాలంటే మాత్రం అది వద్దు, విసుగొస్తుంది.