టెక్ సందేహాలు: తాడు లేని లోలకం, ఇంట్లో మాత్రమే నడిచే కోడ్

ప్రశ్న: డిగ్రీ ఫస్టియర్‌కి ఫిజిక్స్ చెబుతాను. ఈ ఏడాది ల్యాబ్‌లో కంప్యూటర్ మీద లెక్కలు చేయించాలనుంది. లెక్కల సాఫ్ట్‌వేర్ మ్యాట్‌ల్యాబ్ లైసెన్స్ కొనే పరిస్థితి లేదు, ఉన్నవన్నీ పాత సిస్టమ్‌లు, సగం మందికి కోడింగ్ అసలు రాదు. పైథాన్‌తో మొదలుపెట్టాలా, ఆక్టేవ్‌తోనా?

జవాబు: రెండూ ఉచితమే, మీరు చేయించబోయే చిన్న లెక్కలకి పాత సిస్టమ్ కూడా చాలు, కాబట్టి దీని మీద ఎక్కువ బుర్ర పాడుచేసుకోకండి. మీ దగ్గర ఇప్పటికే మ్యాట్‌ల్యాబ్ కోడ్ ఉంటే ఆక్టేవ్ తీసుకోండి, చాలావరకు అలాగే నడిచిపోతుంది. కొత్తగా మొదలుపెడుతుంటే పైథాన్, దానికి తోడు లెక్కలకి నమ్‌పై, గ్రాఫ్‌లకి మ్యాట్‌ప్లాట్‌లిబ్. అన్నట్టు, ఆక్టేవ్ పుట్టిందే మీలాంటి టీచర్ల అవస్థలోంచి. కెమికల్ రియాక్టర్ల డిజైన్ మీద డిగ్రీ స్థాయి పాఠ్యపుస్తకానికి తోడుగా ఉండాలని అనుకున్న సాఫ్ట్‌వేర్ అది. పిల్లలు కెమికల్ ఇంజినీరింగ్ నేర్చుకోవడం మానేసి ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్ ఎందుకు ఆగిపోయిందో వెతుక్కుంటూ కూర్చుంటున్నారని తలపెట్టారు. 1992లో జాన్ ఈటన్ పూర్తిగా దాని మీద పని మొదలుపెట్టి, తనకు పాఠం చెప్పిన ప్రొఫెసర్ ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ పేరు పెట్టారు. సంగీతానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

నా భయమల్లా మీ ప్రశ్నలోని ‘మొదలుపెట్టాలా’ దగ్గరే ఉంది. మొదటి మూడు వారాలు వేరియబుల్స్, లూప్‌లు, ఫంక్షన్లు అంటూ పైథాన్ క్లాసు నడిపారా, ఫిజిక్స్ మొహం చూసేసరికి సగం మంది జారుకుంటారు. అలా కాకుండా నడుస్తున్న కోడ్‌నే చేతికివ్వండి, ఇరవై లైన్లు చాలు. లోలకం తీసుకోండి. కాగితం మీద మనం ‘కోణం చిన్నది’ అనుకుని సైన్ తీటా బదులు తీటా వేసేసి ఫార్ములా రాసేస్తాం, ఒక మీటరు పొడవుంటే ఆవర్తన కాలం సుమారు 2.01 సెకన్లు వస్తుంది. మరి 90 డిగ్రీల నుంచి వదిలితే? ఆ ఫార్ములా చేతులెత్తేస్తుంది. కోడ్‌లో మాత్రం ఒక్క అంకె మారిస్తే చాలు, దాదాపు 2.37 సెకన్లు అని వస్తుంది, అంటే 18 శాతం తేడా. (దారం వద్దు, గట్టి పుల్లకి కట్టిన గుండు అనుకోండి, లేకపోతే 90 దాటించి చూద్దామనే కుర్రాడికి దారం వదులైపోతుంది.) ఇక్కడ కంప్యూటర్ ఎందుకు అవసరమైందో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత కోడ్‌ని చెడగొట్టించండి. ఈసారి కావాలనే మామూలు ఆయిలర్ పద్ధతితో ఇవ్వండి: ప్రతి అడుగులోనూ కొత్త కోణం, కొత్త వేగం రెండూ పాత విలువలతోనే లెక్కకట్టాలి. కాలపు అడుగు 0.01 సెకను పెట్టి, 10 డిగ్రీల నుంచి వదిలితే, పది సెకన్లు తిరిగేసరికి ఊగుడు సుమారు 16 డిగ్రీలకి పెరిగిపోతుంది. ఎవరూ తోయకుండానే! శక్తి ఎక్కడినుంచి వచ్చిందని అడగండి. కొందరు ఫార్ములా తప్పంటారు, కొందరు కంప్యూటర్ తప్పంటారు, ఒకరిద్దరు అడుగు సగం చేసి చూస్తారు, వాళ్లు దారిలో పడ్డట్టే. చివర్లో ఒక్క మార్పు చేయించండి, ముందు వేగం లెక్కకట్టి, ఆ కొత్త వేగంతోనే కోణం మార్చమనండి. పెరుగుడు ఆగిపోతుంది, శక్తి కాస్త అటూఇటూ ఊగుతుంది గానీ పోగుపడదు. పైథాన్‌లో రెడీమేడ్‌గా ఉండే సైపై లైబ్రరీ సాల్వర్ పేరు ఈ క్లాసు అయ్యాకే ఎత్తండి. దాన్ని కూడా గుడ్డిగా నమ్మనివ్వద్దు, అందులోని సాల్వ్ ఐవీపీ ఫంక్షన్‌లో మనమేమీ చెప్పకపోతే సాపేక్ష టాలరెన్స్ (ఎంత తప్పుని ఒప్పుకోవాలన్న హద్దు) వెయ్యిలో ఒకటిగా ఉంటుంది, ఎక్కువసేపు నడిపే లెక్కలకి అది బాగా వదులు.

ఇన్‌స్టాలేషన్ గొడవ వద్దనుకుంటే బ్రౌజర్‌లోనే నడిచే జూపిటర్‌లైట్ చూడండి (జూపిటర్ అంటే కోడ్, దాని జవాబు ఒకేచోట కనిపించే నోట్‌బుక్), సర్వర్ కూడా అక్కర్లేదు. గూగుల్ వాళ్ల కోల్యాబ్ కూడా బాగుంటుంది, కాకపోతే కాసేపు వదిలేస్తే సెషన్ తెగిపోతుంది, డేటా ఫైల్ మళ్లీ ఎక్కించాలి, పరీక్ష రోజున అదో టెన్షన్.

ప్రశ్న: నా జూపిటర్ నోట్‌బుక్ ఇంట్లో చక్కగా నడుస్తుంది. మేడమ్ సిస్టమ్‌లో ‘నేమ్ ఎర్రర్’ అని వచ్చి మార్కులు పోయాయి. తప్పు ఎక్కడుంది?

జవాబు: సెల్‌ల (కోడ్ రాసే గళ్ల) పక్కన చతురస్రపు బ్రాకెట్లలో ఉండే అంకెలు చూడండి. పైనుంచి కిందికి 1, 2, 3 అని కాకుండా 14, 3, 22 అని ఉన్నాయా? అంటే మీరు ముందుకీ వెనక్కీ గెంతుతూ నడిపారు. ఎప్పుడో ఒక సెల్‌లో వేరియబుల్ పెట్టారు, తర్వాత ఆ సెల్ చెరిపేశారు, కానీ విలువ మాత్రం కెర్నల్ (వెనక కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) గుర్తుపెట్టుకునే ఉంది. మీ దగ్గర నడిచింది ఆ దెయ్యం వేరియబుల్ చలవే, మేడమ్ సిస్టమ్‌లో అది లేదు, అందుకే ఆ పేరు తెలియదంటూ నేమ్ ఎర్రర్ వచ్చింది. పంపే ముందు కెర్నల్ మెనూలో రీస్టార్ట్ చేసి అన్ని సెల్‌లూ మొదటినుంచి నడిపే ఆప్షన్ నొక్కండి. నాకూ ఓసారి నలుగురి ముందు స్క్రీన్ మీద ఇదే జరిగింది, అప్పటినుంచి అది నొక్కకుండా ఏ నోట్‌బుక్కూ పంపను.

ప్రశ్న: బయాలజీ విద్యార్థులకి ఎక్సెల్ చాలదా?

జవాబు: సగటులు, చిన్న గ్రాఫ్‌లకి చాలు. జన్యువుల జాబితా తెరిచేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఎస్ఈపీటీ2 అనే జన్యువు పేరుని ఎక్సెల్ సెప్టెంబర్ 2 అనుకుని తేదీగా మార్చేసేది. ఈ బాధ పడలేక 2020 నాటికి శాస్త్రవేత్తలు ఆ జన్యువుల పేర్లే మార్చేసుకున్నారు, ఇప్పుడది సెప్టిన్2.

ప్రశ్న: అసైన్‌మెంట్ కోడ్ అంతా పిల్లలు ఏఐ చేత రాయించేస్తున్నారు. ఎలా పట్టుకోవాలి?

జవాబు: పట్టుకునే పని పెట్టుకోకండి, దానికి అంతు లేదు. ప్రశ్న మార్చండి. కోడ్‌కి తక్కువ మార్కులు పెట్టి, ‘ఇది సరైనదేనని ఎలా తెలిసింది?’ అన్నదానికి ఎక్కువ పెట్టండి. లోలకమే అయితే చిన్న కోణానికి ఫార్ములా విలువ వస్తోందా, అడుగు సగం చేస్తే జవాబు నిలకడగా ఉందా, శక్తి నిలబడిందా, మూడూ గ్రాఫ్ గీసి చూపించమనండి. తర్వాత ఇద్దరేసి చొప్పున పిలిచి, అక్కడికక్కడే గాలి నిరోధం కలపమనండి, ఒక్క లైన్ మార్పే. ఏఐ రాసినా సరే, ఆ లైన్ ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లకి మార్కులిచ్చేయండి.