ఎర్ర క్యాబేజీ దొరక్కపోతే పసుపు లేదా?

ప్రశ్న: టీచరుగారూ, మా పాప ఒడియా మీడియంలో మూడో తరగతి. బాబు ఇంకా అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. సెలవుల్లో ఫోన్ ఇవ్వకుండా వంటింట్లోనే చిన్న చిన్న ప్రయోగాలు చేయిద్దామని వీడియోలు చూస్తే, రంగులు మారే ప్రయోగాలన్నిటికీ ఎర్ర క్యాబేజీ కావాలంటున్నారు. మా ఊళ్లో అది ఎక్కడ దొరుకుతుంది? తిండి వస్తువులతో ఆటలేమిటని మా అత్తగారి గోల ఒకటి.
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారిని జట్టులో కలుపుకోండి. తెల్లచొక్కా మీద పులుసు మరకకి సబ్బు రాయగానే ఎర్రబడటం ఆవిడ ఎన్నిసార్లు చూసి ఉంటారో! పసుపులో సున్నం కలిపి పారాణి చెయ్యడం కూడా ఆవిడకి తెలిసే ఉంటుంది. పసుపులో ఉండే కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. ప్రయోగమంతా ఇదే.

చెంచాడు పసుపు నీళ్లలో కలిపి తెల్లకాగితానికి పూసి ఆరనివ్వండి. పొడి పేరుకుంటే దులిపెయ్యండి. ఒక గిన్నెలో వంటసోడా నీళ్లు, ఇంకో గిన్నెలో బట్టల సబ్బు నీళ్లు పెట్టి, ఇయర్‌బడ్‌తో ముగ్గు వెయ్యమనండి. సోడా గీత నారింజకీ ఇటికరంగుకీ మధ్యన వస్తుంది, సబ్బు గీత ఇంకా ఎర్రగా వస్తుంది. నిమ్మరసం అద్దితే ఆ గీత చెరిగిపోయినట్టే. పాప దాంతో ఎర్రముగ్గులో పచ్చచుక్కలు పెట్టగలదు. ముంచే ముందు ‘ఏ రంగొస్తుంది?’ అని అడగండి. తప్పు చెప్పినా దిద్దకండి, కాగితమే చెబుతుంది. తాంబూలం సున్నం మాత్రం పిల్లల చేతికివ్వద్దు, కంట్లో పడితే ప్రమాదం.

ఇక క్యాబేజీ సంగతి. మీ పెరట్లోనో, పక్కవాళ్ల కంచె మీదో నీలం శంఖుపూలు ఉంటాయి కదా, మీ పాప బళ్లో ‘అపరాజిత’ అంటారు, అవి నాలుగు వేడినీళ్లలో వెయ్యండి. నీలం దిగుతుంది. నిమ్మకాయ పిండితే ఊదా, ఇంకాస్త పిండితే గులాబీ. వేరే గ్లాసులో సోడా చిటికెడు వేస్తే ఆకుపచ్చలోకి తిరుగుతుంది. ఎర్ర క్యాబేజీలో ఉన్నట్టే వీటిలోనూ ఆంథోసైనిన్ జాతి రంగే ఉంటుంది. చల్లారాక బ్రష్షుతో బొమ్మలు వేసుకోవచ్చు.

మార్గశిర గురువారాల్లో అక్కడ ఇళ్ల ముందు బియ్యప్పిండి నీళ్లతో ఝొటి వేస్తారు కదా, దాన్ని కాగితం మీద వెయ్యమనండి. పిండి నీళ్లకి బదులు పల్చటి గంజి చాలు. ఆరాక గీతలు కనిపించవు. గాయాలకి రాసే అయోడిన్ మందు నాలుగు చుక్కలు నీళ్లలో వేసి, దూదితో మీరే పైన అద్దండి. లక్ష్మీపాదాలు నల్లటి నీలంలో తేలతాయి. గంజిలోని పిండిపదార్థానికి అయోడిన్ తగిలితే వచ్చే రంగది. కాగితం మూల ఒకటి ముందుగా పరీక్షించండి, కొన్ని కాగితాల తయారీలోనే పిండి కలుపుతారు. అలాంటిదైతే బొమ్మ మాట అటుంచి కాగితమంతా నల్లబడి కూర్చుంటుంది.

సోడాలో వెనిగర్ పోసి అగ్నిపర్వతం అంటారే, అది నాకంత నచ్చదు. పొంగుతుంది, పిల్లలు కేకలేస్తారు, ఆ తర్వాత నేల తుడుచుకోవాల్సింది మీరే.

ప్రశ్న: పళ్లెంలో పాలు పోసి, రంగులు చుక్కలు చుక్కలుగా వేసి, మధ్యలో సబ్బు చుక్క పెడితే రంగులు పరుగెడతాయన్నారు. మా ఇంట్లో కదల్లేదు. ఎందుకు?
– ఒక తండ్రి, రాయగడ

జవాబు: ఫ్రిజ్‌లోంచి తీసిన పాలో, మీగడ తీసేసిన పాలో పోసి ఉంటారు. వెన్న ఉన్న పాలు, గది వేడికి వచ్చాక, పళ్లెం అడుగు మునిగేంత పొయ్యండి. సబ్బు పాల పైపొర బిగువును తగ్గిస్తుంది, కొవ్వునీ పట్టుకుంటుంది, ఆ కదలికే రంగుల్ని లాక్కుపోతుంది. కొవ్వు తక్కువైతే ఆటా తక్కువే. పళ్లానికి గిన్నెలు తోమిన సబ్బు అంటుకుని ఉన్నా రంగులు కదలవు, బాగా కడిగి మొదలెట్టండి. ఆ పాలు ఎవరూ తాగకుండా వెంటనే పారబొయ్యండి.