దూలగొండి పొడి ఇస్తే మాత్రలు మానెయ్యొచ్చా?

ప్రశ్న: మా మామగారికి డెబ్బై దాటాయి. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. పార్కిన్సన్స్‌కి సిండోపా మాత్రలు రోజుకి మూడుసార్లు వేసుకుంటారు. ఈమధ్య మాత్ర వేళ కాకముందే చెయ్యి వణకడం మొదలవుతోంది. ఎవరో చెప్పారని మావారు పూర్ణా మార్కెట్ నుంచి దూలగొండి గింజల పొడి తెచ్చారు. పాలల్లో కలిపిస్తే మాత్రలు మానెయ్యొచ్చంటున్నారు. ఇవ్వొచ్చాండీ? పసుపు, అశ్వగంధ కూడా మంచివేనా?
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, మాత్రలు మాత్రం ఆపకండి. ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు కొయ్యబారి, జ్వరం ముదిరి ప్రాణం మీదికి రావచ్చు.

ఇక పొడి సంగతి. సిండోపాలో ఉండే లెవోడోపా అనే మందే దూలగొండి గింజలోనూ ఉంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ గింజల్లోంచి దాన్ని వేరుచేశారు. వియన్నా వైద్యులు పార్కిన్సన్స్ రోగులకి లెవోడోపా ఇచ్చి ఫలితం చూపించింది 1961లో. మన వైద్యులు కంపవాతానికి ఈ గింజ వాడడం అంతకన్నా చాలా పాతది. కాబట్టి పనిచేస్తుందా అనే పేచీ నాకు లేదు. ఫార్మకాలజీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నా పేచీ అంతా మోతాదుతోనే.

ఎండిన గింజలో లెవోడోపా సుమారు నూటికి 4 నుంచి 6 వంతులు. చెంచాడు పొడి 5 గ్రాములనుకుంటే 200 నుంచి 300 మిల్లీగ్రాములు. సిండోపా 110 మాత్రలో 100 మిల్లీగ్రాముల లెవోడోపాతో పాటు 10 మిల్లీగ్రాముల కార్బిడోపా ఉంటుంది. లెవోడోపా మెదడుకి చేరాక డోపమిన్‌గా మారాలి; ఈ జబ్బులో తగ్గిపోయేది, కదలికల్ని నడిపే ఆ రసాయనమే. మెదడుకి చేరకముందే ఒంట్లో అలా మారిపోకుండా అడ్డుకునేది ఈ కార్బిడోపాయే. పొడిలో అది లేదు. అందుకే ఉత్త పొడి తింటే చాలా భాగం దారిలోనే ఖర్చయి వాంతులు, కళ్లు తిరగడం మిగుల్తాయి. మాత్రతో కలిపి తింటే ఇంకో చిక్కు: మాత్రలోని కార్బిడోపా పొడిలోని లెవోడోపాని కూడా కాపాడుతుంది. మోతాదు అమాంతం పెరిగి ఒళ్లు మెలికలు తిరగడం, లేని మనుషులు కనిపించడం మొదలవ్వచ్చు. ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందనుకుని ఇంకో చెంచా వేస్తారు!

2004లో లండన్‌లో ఎనిమిదిమంది రోగుల మీద చూస్తే, 30 గ్రాముల దూలగొండి మందు మాత్రకంటే త్వరగా పనిచేసింది, ఎక్కువసేపు నిలిచింది. కానీ అది ఒక్కో మోతాదుతో చేసిన పరీక్ష. రోజూ వాడించి చూసిన 2018 నాటి పరీక్షలో పద్నాలుగుమందిలో ఏడుగురు కడుపు బాధలతోనో, కదలికలు దిగజారో మధ్యలోనే మానేశారు.

పాలల్లో అసలొద్దు. పాలలోని ప్రోటీన్, లెవోడోపా పేగులో ఒకే దారికి పోటీపడతాయి. మాత్ర కూడా భోజనానికి అరగంట ముందు మంచినీళ్లతో వేసుకోమనండి. ఐరన్ మాత్ర ఉంటే రెండు గంటలు ఎడం ఉంచండి.

పసుపు కూరలో వేసుకోండి. అందులోని కుర్కుమిన్ ఎలకల్లో ఆశ చూపించింది గానీ, మనిషి రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది. జబ్బుని ఆపుతుందన్న రుజువు లేదు. అశ్వగంధదీ అదే కథ, పైగా కొందరికి కాలేయం దెబ్బతింది.

చెట్టు మందు కదా, చెడు చెయ్యదు అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బీపీకి వాడే సర్పగంధలోని రెసర్పిన్ మెదడులో డోపమిన్ నిల్వల్ని ఖాళీ చేస్తుంది. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ రెసర్పిన్ ఇచ్చి జంతువుల్ని కదలకుండా చేసి, లెవోడోపాతోనే మళ్లీ లేపాడు. 2000లో నోబెల్ పొందిన ముగ్గురిలో ఆయనొకడు. కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవిలో లక్ష్మణఫలం, దాని ఆకు కషాయం ఎక్కువగా తీసుకునేవాళ్లలో మందులకి లొంగని పార్కిన్సన్స్ లాంటి జబ్బు కనబడిందని 1999లో బయటపెట్టారు. ఇంట్లో సర్పగంధ గానీ లక్ష్మణఫలం గానీ ఉంటే మామగారికి ఇవ్వకండి.

వేళకి ముందే వణుకు రావడమంటే మాత్ర ప్రభావం త్వరగా దిగిపోతోందని. దానికి న్యూరాలజిస్టు మోతాదుని చిన్నచిన్న భాగాలు చేయొచ్చు, ఇంకో మందు కలపొచ్చు. ఒక వారంపాటు మాత్ర వేసిన టైము, వణుకు మొదలైన టైము, భోజనం టైము కాగితం మీద రాసి తీసుకెళ్లండి. పొడి ప్యాకెట్టు కూడా సంచిలో వేసుకోండి. డాక్టర్‌గారు దూలగొండికి సరేనంటే, లెవోడోపా ఎంతుందో ప్యాకెట్టు మీద అచ్చువేసినదే కొనండి. అప్పుడైనా మాత్రల్లో ఎంత తగ్గించాలో ఆయనే చెప్పాలి, మీవారు కాదు.