ఆదివారం వచ్చినవాళ్లని సోమవారం దాకా ఆపడం ఎలా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది సోంపేట మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. కొన్నేళ్లు గుజరాత్ బోట్లలో కలాసీగా పనిచేసి, పెళ్లయ్యాక ఇక వెళ్లనని ఇంట్లో మాటిచ్చి ఉండిపోయాను. ఆదివారం వస్తే బారువ బీచ్‌కి పలాస, ఇచ్ఛాపురం, బరంపురం వైపు నుంచి బళ్లు బారులు తీరతాయి. బిర్యానీ వాళ్లే తెచ్చుకుంటారు, నీళ్ల సీసాలూ వాళ్లే తెచ్చుకుంటారు, ఎంగిలి ప్లేట్లు మాత్రం ఇక్కడి ఇసకలో పడేసి పోతారు. చుట్టుపక్కల ఊళ్లకి పైసా రాదు. నేనూ మా బావమరిదీ కలిసి ఒడ్డు మీద నాలుగు కాటేజీలు వేద్దామనుకుంటున్నాం. అప్పు తీసుకోవచ్చా?
– పేరు వద్దన్న పాఠకుడు, సోంపేట

జవాబు: తమ్ముడూ, ఊళ్లోనే బతకాలన్న నీ నిర్ణయం చాలా మంచిది, అది ముందు చెప్పాలి. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌వాళ్లకి చిక్కిన మన జిల్లా మత్స్యకారులు 2020 జనవరికి గానీ ఇల్లు చేరలేదు, ఆ ఏడాదిపైన ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు పడ్డ టెన్షన్ మీ తీరంలో తెలియనివాళ్లు లేరు. 190 కిలోమీటర్ల పైచిలుకు తీరం ఉన్న జిల్లా కుర్రాళ్లు పొట్ట చేతపట్టుకుని గుజరాత్‌లోని వెరావల్ రేవుకి పోవాల్సి రావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా కడుపు మండే విషయం.

కానీ ఆ కాటేజీల అప్పు మాత్రం చేయొద్దు. ఒడ్డున కట్టడాలకి సీఆర్‌జడ్ అని తీరప్రాంత నియమాలున్నాయి. పల్లెల్లో అయితే జనం ఎంత ఒత్తుగా ఉన్నారన్నదాన్ని బట్టి పోటు గీత (సముద్రం పోటెత్తినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 50 మీటర్లో 200 మీటర్లో వదిలేయాలి, ఆ లోపల సిమెంటు పని మొదలుపెడితే ఎవరో ఒకరు అర్జీ పెడతారు, కట్టింది కూలుస్తారు, వాయిదాలు మాత్రం నీ నెత్తిన మిగులుతాయి. అదే నియమాల్లో నీకు పనికొచ్చే మాట ఒకటుంది. ఉన్న ఇంటి కొలతలు, ముందువైపు రూపం మార్చకుండా మత్స్యకారులు తమ ఇళ్లనే హోమ్‌స్టేగా నడుపుకోవచ్చు. అంటే నీ పెట్టుబడిలో పెద్ద భాగం ఇప్పటికే కట్టి ఉంది. పనులు మొదలెట్టే ముందు మండల ఆఫీసులోనూ జిల్లా టూరిజం ఆఫీసులోనూ నీ ఇల్లు ఏ జోన్‌లో పడుతుందో కాగితం మీద రాయించుకో.

ఇప్పుడు ఆ ఆదివారం జనాన్ని ఒకసారి దగ్గరగా చూడు. సముద్రంలో తడిసిన ఆడవాళ్లు బట్టలు మార్చుకోడానికి చోటు లేక కారు రెండు తలుపులూ తెరిచి మధ్యలో దుప్పటి అడ్డం పట్టుకుంటారు, పిల్లలు ఒంటినిండా ఉప్పు, ఇసక పట్టి ఏడుస్తుంటారు, పెద్దావిడ ఒకరు బాత్రూం ఎక్కడని అడగడానికి మొహమాటపడి కార్లోనే కూర్చుంటుంది. ఊళ్లోని దుకాణాలు వాళ్లకి ఇవ్వలేకపోతున్నది ఇదే. శుభ్రమైన బాత్రూం ఒకటి, తలుపుకి లోపల గడియ, బట్టలు తగిలించుకోడానికి నాలుగు కొక్కేలు, రెండు బకెట్ల మంచినీళ్లు. మీ పెరట్లో ఇవి ఏర్పాటు చేసి బయట రేటు రాసిపెట్టు, మొదటి ఆదివారమే నలుగురూ వస్తారు. వచ్చినవాళ్లు ఎలాగూ "ఇక్కడ చేపలు దొరుకుతాయా" అని అడుగుతారు, అదే నీ రెండో మెట్టు. పొద్దున్న వచ్చిన చేప చూపించి, వండినందుకు ఎంతో ముందే చెప్పి, మీ ఇంట్లో తినే నెత్తళ్ల వేపుడో చందువా పులుసో అన్నంతో పెట్టు. పలక మీద ఆరోజు చేప పేరు, ధర సుద్దతో రాస్తే చాలు. ధర తెలియకపోతే బయటివాళ్లు మోసపోతామేమోనని భయపడతారు, తెలిస్తే పది రూపాయలు ఎక్కువైనా నోరెత్తరు. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చేయించుకో, చిన్న వ్యాపారానికి ఏడాదికి 100 రూపాయల ఫీజు.

ఇది కుదిరాకే గది. ఒక్క గది. తెల్లారకట్ల తెప్పలు ఒడ్డుకి చేరడం, వల దులపడం, వేలం పాట, ఇవన్నీ చూడాలంటే రాత్రి ఊళ్లో పడుకోవాల్సిందే కదా, ఆ ఒక్క రాత్రే ఊరికి డబ్బు తెస్తుంది, ఎందుకంటే పడుకున్నవాడు రాత్రి భోజనం, పొద్దున టిఫిన్, సోంపేట స్టేషన్‌కి ఆటో అన్నీ ఇక్కడే చూసుకుంటాడు. దీనికి బ్యాంకులో ముద్ర శిశు రుణం సరిపోతుంది, 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. నాలుగు కాటేజీల అప్పుకీ దీనికీ పోలికే లేదు.

రెండు విషయాల్లో మాత్రం మొహమాటపడకు. వేట పడవ మీద జనాన్ని షికారు తిప్పొద్దు, లైఫ్ జాకెట్లు, అనుమతి లేకుండా ఎంత డబ్బిస్తామన్నా సరే. అల ఎక్కడ లోపలికి లాగుతుందో నీకు తెలుసు, వాళ్లకి తెలియదు, కాబట్టి అక్కడ ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతి, తాగినవాడిని నీళ్లలో దిగనివ్వకండి. రెండోది, జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆ తర్వాత నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. ఆ రోజుల్లో ఒడ్డున ఫ్లడ్ లైట్లు, డీజే పెడితే పిల్లలు దీపం వైపు పాకి చచ్చిపోతాయి. చెత్త సంగతి పంచాయతీలో తీర్మానం చేయించండి, బండికి పార్కింగ్ రుసుము పెట్టి రశీదు ఇచ్చి, ఆ డబ్బుతోనే ఊడ్చేవాళ్లకి కూలి ఇవ్వండి.

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం, మా ఆయనది ఆమదాలవలస. ప్రతిసారీ సెలవులకి వచ్చి వైజాగ్ చూసి పోతున్నాం. ఈసారి పిల్లలతో రెండు రోజులు శ్రీకాకుళంలోనే తిరగాలని, ఖర్చుపెట్టేది ఇక్కడివాళ్లకే చేరాలని కోరిక. ఎక్కడికెళ్లాలి?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: చాలా సంతోషమమ్మా. మొదటిరోజు పొద్దున్నే అరసవల్లి, అక్కడినుంచి శ్రీకూర్మం, గుళ్లో నక్షత్ర తాబేళ్లని చూస్తే పిల్లలు కదలరు. ఎండ తగ్గాక శాలిహుండం కొండెక్కండి, బౌద్ధ స్తూపాల మధ్య నిలబడితే కింద వంశధార కనిపిస్తుంది, ఆ నది సముద్రంలో కలిసే కళింగపట్నం పక్కనే, సాయంత్రం అక్కడ లైట్‌హౌస్ దగ్గర గడపండి. రెండోరోజు ఖద్దరుకి పేరున్న పొందూరు. దుకాణంలో చీర కొని వచ్చేయకండి, వడికేవాళ్ల ఇంటికి వెళ్లి చూపించమని అడగండి. వాలుగ చేప దవడ ఎముకతో, దాని సన్నటి పళ్లతో పత్తిని గింజ మీదే దువ్వుతారు, అలా దువ్విన పత్తితోనే అంత సన్న నూలు వస్తుంది. ఆ పని ఎంతసేపు పడుతుందో పిల్లలు కళ్లారా చూశాక మీరే బేరమాడరు. సెప్టెంబరు, మార్చి మధ్యలో వస్తే టెక్కలి దగ్గర తేలినీలాపురం వదలకండి, గూడబాతులు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, తాజా చేపల కోసమైతే ఆ రెండు నెలలు కాకుండా పెట్టుకోండి.

ప్రశ్న: భోగాపురం ఎయిర్‌పోర్ట్ పుణ్యమా అని మా వైపు తీరం భూములకి రేట్లు పెరిగాయి. అందరూ అమ్మేస్తున్నారు. రేపు హోటళ్లు వస్తే మా పిల్లలు వాటి గేటు దగ్గర వాచ్‌మన్లుగా మిగులుతారేమోనని భయంగా ఉంది.
– ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా

జవాబు: మాస్టారూ, మీ భయంలో న్యాయం ఉంది. అప్పు తీర్చడానికో పెళ్లికో అమ్ముకునేవాళ్లని ఆపలేం, మిగతావాళ్లకి మాత్రం లీజు గురించి చెప్పండి, పొలం మీ పేరునే ఉంటుంది, అద్దె వస్తుంది. మీ దగ్గర చదివే పిల్లల్లో ఇద్దరు వంటపనిలో, ఇద్దరు హోటల్ ఫ్రంట్ ఆఫీసులో శిక్షణ తీసుకునేలా చూడగలిగితే అదే పెద్ద పని. కూరగాయలు, చేపలు ఊళ్లోనే కొనాలని హోటల్‌వాళ్లతో అనుమతుల దశలోనే పంచాయతీ రాతమూలకంగా ఒప్పించుకోవాలి, భవనం లేచాక మన మాట చెల్లదు. విమానం దిగినవాళ్లకి చింతపల్లి బీచ్ ఒక్కటే కాదు, రామతీర్థం ఉంది, విజయనగరంలో గురజాడ ఇల్లు ఉంది, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేసే కళాకారులున్నారు. ఆ చిన్న వీణ బొమ్మ ప్రతి హోటల్ కౌంటర్ మీదా అమ్మకానికి ఉండాలని నా కోరిక.

ప్రశ్న: కాశీబుగ్గలో మాకు జీడిపప్పు దుకాణం ఉంది. హైవే మీద ఆగినవాళ్లు ఆన్‌లైన్ రేటు చూపించి తగ్గించమంటున్నారు.
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: తగ్గించకండమ్మా, చెప్పండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి మీ ఉద్దానం ప్రాంతంలో జీడితోటలు కూలిపోయాక మళ్లీ మొక్క పెట్టి పెంచిన రైతులున్నారు, మీ పప్పు వాళ్లదైతే ఆ సంగతి రెండు ముక్కల్లో గోడ మీద రాసిపెట్టండి. 320 రకం అంటే పౌనుకి, అంటే దాదాపు 450 గ్రాములకి, సుమారు 320 గుండ్లని చాలామందికి తెలియదు, 240 రకం దానికన్నా పెద్దదని అంతకన్నా తెలియదు, రెండూ పక్కపక్కన గిన్నెల్లో పోసి చూపించండి. గుండు (విరగని పప్పు), బద్ద (రెండుగా విడిపోయిన పప్పు) కలపకండి. ప్యాకెట్ మీద రకం, ప్యాక్ చేసిన తేదీ, మీ ఫోన్ నంబరు వేస్తే ఇంటికెళ్లి రుచి చూసినవాళ్లు మళ్లీ మీకే ఫోన్ చేస్తారు, పార్సిల్ పంపండి.