పొందూరు వడుకు నేపథ్యంలో నవల: నాయిక కష్టం ఏడుపుగా మిగలకుండా ఎలా రాయాలి?

ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని పొందూరులో, 1925 నాడు నూలు వడికి బతికే వితంతువు మీద నవల రాస్తున్నారు, ఎంత రాసినా ఏడుపే కనిపిస్తోందని అడిగారు. ఆవిడ చేతికి పని ఇవ్వండి. బాధను వర్ణించే పేరాలు సగం కొట్టేసి, ఆ చోట పని రాయండి.

పత్తిని గింజతో ఉండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దాని సన్నటి పళ్లకు నలుసూ పొట్టి పీచూ చిక్కుకుని, పొడుగు పీచు తీరుగా నిలుస్తుంది. తర్వాత చెక్క మీద పరిచి ఇనప పుల్లతో ఒత్తి గింజ తీస్తారు. దూదిని వింటినారితో ఏకి, ఏకులు (వడకడానికి చుట్టే దూది బత్తీలు) చుట్టి, దుమ్ము పడకుండా ఎండిన అరటి పొరలో దాస్తారు. రాట్నం దగ్గర కూర్చునేది ఇదంతా అయ్యాకే. నూరో నంబరు నూలంటే ఒక పౌనుకు 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) నూరు, అంటే దాదాపు 48 మైళ్ల దారం. వానాకాలం తేమకు దూది ముద్దకడితే ఏకు సమంగా రాదు, దారం ఒకచోట లావై ఇంకోచోట తెగుతుంది. తెగిన ప్రతిసారీ కూలి తగ్గుతుంది. ఇంట్లో చోడంబలి (రాగి అంబలి) పల్చబడిందని రాస్తే చాలు, కన్నీళ్లు అక్కర్లేదు.

చట్టం దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఉమ్మడి కుటుంబంలో భర్త పోతే 1925లో ఆవిడకు దక్కేది మనోవర్తి (పోషణ ఖర్చు) మాత్రమే. భర్త ఆస్తిలో పరిమిత హక్కయినా వచ్చింది 1937 చట్టంతో, పూర్తి హక్కు 1956లో. కాబట్టి మీ నాయిక పొలం అమ్మి అప్పు తీర్చలేదు. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు మాత్రం స్త్రీధనం, ఆవిడవే. బావగారు వాటి మీద కన్నేస్తే ఆవిడ ఎలా అడ్డుపడుతుందో చూపించండి, మీకు కావలసిన గుండెధైర్యం అక్కడుంది. ఆవిడకో కూతురుంటే ఇంకా మంచిది: 14 ఏళ్లలోపు ఆడపిల్ల పెళ్లిని నిషేధించిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ లోపే ముడి పెట్టేద్దామని జనం తొందరపడ్డారు. ఆ ఒత్తిడికి తల్లి లొంగుతుందా, కూతుర్ని దాచుకుంటుందా? నవలకు వెన్నెముకగా ఈ ఒక్క ప్రశ్న చాలు.

చిన్న విషయం: 'శ్రీకాకుళం జిల్లా' అని రాయకండి, అది 1950లో ఏర్పడింది. 1936 దాకా శ్రీకాకుళం ఉన్నది గంజాం జిల్లాలో. డబ్బు లెక్కలు అణాల్లోనే.

కథ 1940 దాకా సాగితే మందస జమీందారు మీద రైతులు చేసిన పోరాటం వస్తుంది. అందులో పోలీసులకు ఎదురు నిలిచి కాల్పుల్లో చనిపోయిన సాసుమాన గున్నమ్మ అప్పటికి గర్భిణి. ఆ సాహసాన్ని తీసి మీ నాయికకు అంటగట్టొద్దు. సంతలో నూలు అమ్ముతూ ఆ కబురు వింటుంది, అంతే. విన్నాక పక్కనున్న అప్పలమ్మతోనో పైడమ్మతోనో 'ఏటమ్మా, కడుపుతో ఉన్న మనిషినా?' అని ఒక్క మాట అననివ్వండి. ఉపన్యాసం రాశారంటే అది 1940 నాటి మనిషి గొంతు కాదు, మీ గొంతు.