మైలాపూరులో ఇల్లు వెతుకుతున్న చిన్నికి

చిన్నీ,

ఆశీస్సులు. తరమణిలో ఉద్యోగమని, మైలాపూరులో ఇల్లు చూసుకుంటున్నావని మీ అమ్మ చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. 1984 నుంచి నేనున్న ఊరిది. ఊరనే అంటాను, చెన్నైలో ఒక పేట అని నాకెప్పుడూ అనిపించలేదు. కపాలీశ్వరుడి గుడి, కోనేరు, నాలుగు మాడవీధులు, కూరలు, పూలు, కాఫీ పొడి అన్నీ నడిచి వెళ్ళి తెచ్చుకోవచ్చు. తిరుమయిలై స్టేషన్లో రైలెక్కితే తిన్నగా తరమణిలో దిగుతావు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. హాలు, బాల్కనీ బాగున్నాయి. నీళ్ళ సంగతే ఒక్క ముక్క రాయలేదు. ఇక్కడ ఇల్లంటే ముందు నీళ్ళమ్మా. 2019 వేసవిలో బిందెలు పట్టుకుని వీధి చివర లారీ కోసం అర్ధరాత్రి దాకా నిలబడ్డాను. మెట్రో వాటర్, అంటే ఊరికి సర్కారు వదిలే కుళాయి నీళ్ళు, ఏ టైముకి వస్తుంది, సంపు ఎంతమందికి కలిపి, మోటరు ఎవరు వేస్తారు, ఇవన్నీ అడుగు. అడిగితే అందరూ ప్రాబ్లం లేదనే అంటారు కాబట్టి నీ కళ్ళతో కూడా చూడు. బాత్రూంలో కుళాయి మూతి చుట్టూ తెల్లగా పెచ్చు కట్టిందా? కింద గచ్చు మీద తుప్పు రంగు చార ఉందా? బ్యాగులో చిన్న సబ్బు ముక్క వేసుకెళ్ళి ఆ నీళ్ళతో చేతిలో రుద్ది చూడు. నురగ రాకుండా విరిగిపోతే ఇంకో ఇల్లు చూసుకో. సముద్రం పక్కనే కదా, కొన్ని బోర్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో పప్పు కూడా సరిగా ఉడకదు. పొద్దున ఆరింటికి వెళ్ళు, నీళ్ళు వచ్చే సమయంలో ఇల్లు అసలు రూపం తెలుస్తుంది. పక్కింటావిడ బిందె పట్టుకుని కనిపిస్తే ఆవిణ్ణే అడుగు, ఓనర్ కంటే ఆవిడ మాట నమ్మొచ్చు.

తర్వాత అడ్వాన్స్. మొదటి ఇంటికి నేను పది నెలల అద్దె చేతికిచ్చాను. రసీదు అడగడానికి మొహమాటపడ్డాను. ఖాళీ చేసిన రోజు ఓనర్ సున్నానికని, మేకులు కొట్టిన గోడకని, పగిలిన సింక్‌కని కోసుకుంటూ పోయి సగమే చేతిలో పెట్టాడు. ఆ సింక్ మేము చేరిన నాటికే పగిలి ఉంది. మీ పెదనాన్న జీతం ఎంతో నీకు తెలుసు, ఆ డబ్బు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. నువ్వు బ్యాంకు ద్వారానే కట్టు. సామాను దించకముందే గోడలు, కుళాయిలు, తలుపులు ఫొటోలు తీసి అదే రోజు ఓనర్‌కి పంపు. తమిళనాడులో 2017లో చేసిన అద్దె చట్టం 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఇద్దరూ వేరేగా ఒప్పుకుంటే తప్ప అడ్వాన్స్ మూడు నెలల అద్దె దాటకూడదు, ఖాళీ చేశాక నెలలోపు తిరిగివ్వాలి. ఆ 'ఒప్పుకుంటే' అన్న మాటలోనే నీ బేరమంతా ఉంది, తొందరపడి తలూపకు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించమని గట్టిగా అడుగు.

కరెంటు బిల్లు ఇక్కడ రెండు నెలలకోసారి. ఇంటికి విడి మీటరుంటే మొదటి 100 యూనిట్లు ఉచితం. సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి ఇంత అని ఓనరే వసూలు చేసుకుంటే ఆ లాభం నీకు దక్కదు, అది లెక్కలో వేసుకో.

పాత ఇళ్ళ మేడ మీద పోర్షన్లు నీకు నచ్చుతాయని తెలుసు. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మద్రాస్ టెర్రస్ కప్పు కింద ఎండాకాలం కూడా హాయిగా ఉంటుంది. కానీ ఇక్కడ గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దూలం గోడలోకి దిగే చోట నల్లటి మరక ఉంటే అక్కడ కురుస్తుందని అర్థం. ఈమధ్యే రంగు వేశామంటే ఇంకా జాగ్రత్తగా చూడు.

మాంసం వండుతావని ముందే చెప్పేయ్. ఇక్కడ చాలామంది ఓనర్లు శాకాహారులకే ఇస్తారు. దాచిపెట్టి చేరితే రోజూ టెన్షనే. వద్దన్నవాళ్ళ మీద కోపం పెట్టుకోకు, పక్కనే ఉన్న మందవెళి వైపు ఇచ్చేవాళ్ళు ఉన్నారు.

ఆడి నెలలో, అంటే జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, ఇక్కడివాళ్ళు సాధారణంగా ఇల్లు మారరు. ఖాళీ ఇంటికి అద్దె తగ్గించమని అడగడానికి అంతకంటే మంచి సమయం నేను చూడలేదు. నీకు పట్టింపు లేకపోతే అప్పుడే చేరు.

పంగుని నెలలో, అంటే మార్చి–ఏప్రిల్‌లో, గుడి ఉత్సవాలకి మాడవీధుల్లో బండి కదలదు. అరుబత్తుమూవర్ రోజు అరవై ముగ్గురు నాయన్మార్ల, అంటే శివభక్తుల, విగ్రహాలు ఊరేగుతుంటే వీధంతా జనమే. ఆ రోజు సెలవు పెట్టి మా ఇంటికి రా, అరుగు మీద కూర్చుని చూద్దాం. తెలుగు మాట వినాలనిపిస్తే లజ్‌లో నాగేశ్వరరావు పార్కుకి సాయంత్రం నడకకి వెళ్ళు, అది మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద ఉన్న పార్కే. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములుగారు 1952లో ప్రాణాలు వదిలిన ఇల్లు స్మారకంగా ఉంది. అక్కడికి నేనే తీసుకెళ్తాను.

శనివారం రాత్రికి నా దగ్గరికి వచ్చేయ్. ఆదివారం పొద్దున ఆరింటికి ఆ ఇంటికి ఇద్దరం కలిసి వెళ్దాం. సబ్బు ముక్క నేను తెస్తాను. అందాకా ఆ బ్రోకర్‌కి టోకెన్ అని ఒక్క రూపాయి కూడా పంపకు.

మీ పెద్దమ్మ